పొద్దున ఆయాసం, సాయంత్రం హుషారు.. ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 34. వచ్చే నెల ఉదయం 6 గంటలకు మొదలయ్యే 10కె పరుగుకు పేరిచ్చాను. సాయంత్రం ఆరు కిలోమీటర్లు తేలిగ్గా పరుగెత్తుతాను. పొద్దున అయిదింటికి లేచి అయిదున్నరకు వెళ్తే రెండు కిలోమీటర్లకే ఆయాసం, చిరాకు. రాత్రి పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది. నాలో ఏదైనా లోపముందా?
- ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ ఇబ్బందికి వేళ, నిద్ర చాలా వరకు కారణం కావచ్చు. ఒంటి లోపలి వేడి తెల్లవారుజామున 4-5 గంటలప్పుడు బాగా తగ్గి, సాయంత్రం 4-7 మధ్య పెరుగుతుంది. తేడా సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ లోపే. ఆ కాస్త వేడికే కండరాలు చురుగ్గా పనిచేస్తాయి, కీళ్లు తేలిగ్గా కదులుతాయి. పైగా మీరు నిద్రపోతున్నది అయిదున్నర గంటలే. లేచిన అరగంటకు మత్తు కూడా పూర్తిగా వదలదు. చిరాకు రాక ఏమవుతుంది?

అమెరికాలోని స్కిడ్‌మోర్ కాలేజీ పరిశోధకులు 12 వారాల అధ్యయనాన్ని 2022లో ప్రచురించారు. ఉదయం వ్యాయామం చేసిన మహిళల్లో పొట్ట కొవ్వు, రక్తపోటు ఎక్కువగా తగ్గాయి. సాయంత్రం చేసినవారిలో చేతులు, భుజాల బలం, మానసిక ఉల్లాసం మెరుగయ్యాయి. పాల్గొన్న మహిళలు 30 మందే కాబట్టి దీన్ని సూత్రంగా పట్టుకోనక్కర్లేదు.

మీ పోటీ ఉదయం కాబట్టి శరీరాన్ని ఆ వేళకు అలవాటు చేయాలి. వారానికి రెండు రోజులు సరిగ్గా ఆరింటికే పరుగెత్తండి. ముందు రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకుని, నాలుగున్నరకు లేవండి. లేవగానే గదిలో లైట్లన్నీ వేయండి. ఒక గ్లాసు నీళ్లు, ఒక అరటిపండు చాలు. వార్మప్ సాయంత్రం పది నిమిషాలు సరిపోతే, పొద్దున ఇరవై కావాలి: వేగంగా నడక, నెమ్మదిగా జాగింగ్, చివర్లో నాలుగైదు చిన్న పరుగులు. లేచిన మొదటి గంటలో నడుము వంచి బరువులెత్తొద్దు. రాత్రంతా పడుకోవడం వల్ల వెన్ను డిస్కుల్లో నీరు చేరి, వంగినప్పుడు ఒత్తిడి ఎక్కువ పడుతుంది. బరువులు సాయంత్రానికే ఉంచుకోండి.

నెలసరికి ముందు రెండు వారాలు ఒంటి వేడి 0.3-0.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. ఉక్కపోతలో అదే వేగం మరింత కష్టమనిపిస్తుంది. ఆ రోజుల్లో వాచీ చూడకుండా, మాట్లాడగలిగేంత వేగంతోనే వెళ్లండి.

అయితే ఒక్క విషయం వదిలేయొద్దు. మన ఆడవాళ్లలో రక్తహీనత చాలా ఎక్కువ. హిమోగ్లోబిన్ 12 గ్రాములు దాటినా ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు. అందుకే సీబీసీ (రక్తకణాల పరీక్ష)తోపాటు ఫెరిటిన్ (ఇనుము నిల్వల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చేయించండి. భోజనానికి గంట ముందూ వెనకా టీ, కాఫీ మానండి. అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు.

నిద్ర గంటలు, నెలసరి రోజు, ఆనాటి మనసు తీరు రెండు నెలలపాటు రాసుకోండి. దిగులు వేళతో సంబంధం లేకుండా రెండు వారాలు వదలకపోతే ఆ కాగితాలతో డాక్టర్‌ను కలవండి. పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం అక్కడికక్కడే ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.