గుడ్డిచూపు అనొచ్చా?

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. స్ట్రోక్ వచ్చినాక మా నాయనకు ఎడమపక్క ఏమీ అగపడదు. మొన్న ఆ పక్కనుంచే నా కొడుకు బంతి విసిరితే ఠక్కున తల పక్కకు తీసుకున్నాడు, అడిగితే నాకేం అగపడలేదు అంటాడు. ఇంట్లోవాళ్ళు నాటకం అంటున్నారు. ఇంగ్లీషులో బ్లైండ్‌సైట్ అంటారంట కదా, తెలుగులో గుడ్డిచూపు అనొచ్చా? ఆయన బంతిని చూసినాడు అనాలా, చూడలేదు అనాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ నాటకం అనే మాట ఆపమనండి. మీ నాయనది బ్లైండ్‌సైటేనా అని తేల్చాల్సింది న్యూరాలజిస్టే గానీ ఇట్లా జరగడం మాత్రం నిజం. కండ్లు బాగానే ఉండి తల వెనకపక్క మెదడు దెబ్బతింటే రెండు కండ్లకూ ఒకే పక్క చూపు పోతుంది, కుడి మెదడుకైతే ఎడమపక్క. అయితే కంటినుంచి పోయే నరాలన్నీ అక్కడికే పోవు, కొన్ని వేరే దారిన పోతాయి, అందుకే కొంతమందిలో కదిలే వస్తువు సంగతి ఒంటికి తెలుస్తుంది, మనిషికి తెలీదు. 1974లో వైస్‌క్రాంట్జ్ అనే సైకాలజిస్టూ తోటివాళ్ళూ డి.బి. అనే పేషెంటును, చూపు పోయిన పక్క వెలుగు ఎక్కడ పడిందో ఊరికే ఊహించి చూపించమంటే చాలామటుకు సరిగ్గా చూపించినాడు, పైగా తనకేం కనపడలేదనే అన్నాడు.

ఇంక మాట సంగతి. గుడ్డిచూపు నేనైతే వద్దంటాను. మనకు గుడ్డిదీపం అంటే మసక దీపం, గుడ్డివెలుతురు అంటే చాలీచాలని వెలుతురు, కాబట్టి గుడ్డిచూపు అనంగానే మసకచూపు అనుకుంటారు. ఆయనకు ఆ పక్క మసక కూడా లేదు కదా! అంధదృష్టి అన్నా విన్నోళ్ళకు ఏమీ అర్థం కాదు.

'ఆయన చూసినాడు' అంటే పని ఆయన తెలిసి చేసినట్టు. 'ఆయనకు అగపడింది' అంటే అనుభవం ఆయనది, అది అయిందో లేదో ఆయనే చెప్పాల, లేదంటే లేదు, మనం కాదనకూడదు. జరిగినదానికి నేనైతే కనిపెట్టడం వాడతాను, నాడి కనిపెట్టడం, మనసులో మాట కనిపెట్టడం అంటాం కదా, వాటికి కంటిచూపుతో పనిలేదు. కానీ 'నాయన కనిపెట్టినాడు' అంటే మళ్ళీ తెలిసి చేసినట్టే వినపడుతుంది, అందుకని 'నాయనకు బంతి అగపడలేదు గానీ ఒళ్ళు కనిపెట్టింది' అనండి, సరిపోతుంది.

రోడ్డుమీద మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, ఎడమపక్క ఎవరో ఒకరు నడవాల. డాక్టరు దగ్గర బ్లైండ్‌సైట్ అనే అనండి, బంతి సంగతి పూసగుచ్చినట్టు చెప్పండి.