రైతు ఖాతాలో నేరుగా డబ్బు వేస్తే, ముసలి రైతు బతుకులో నిజంగా ఏం మారుతుంది?

అన్నిటికంటే ముందు మారేది అప్పు. తెలంగాణలో రెండెకరాలున్న డెబ్బై ఏళ్ల రైతును తీసుకోండి. 2018లో పంట పెట్టుబడికి ప్రభుత్వం సాయమిచ్చే రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు. 2025లో దాని స్థానంలో వచ్చిన రైతు భరోసా కింద అది 6,000 అయింది. అంటే ఆయనకు ఒక పంటకు 12,000. అదే డబ్బు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే, ఆరు నెలలకు వడ్డీయే 2,160. పైగా అప్పిచ్చిన వ్యాపారికే, ఆయన చెప్పిన ధరకే పంట అమ్మాలి. చేతిలో డబ్బుంటే ఆ కట్టుబాటు ఉండదు.

కానీ డబ్బు తొలకరికి ముందే పడాలి. విత్తనాలు కొన్నాక పడితే అప్పటికే అప్పు చేసి ఉంటాడు.

ముసలివాళ్లకు నెలనెలా వచ్చే ఆసరా పింఛను సంగతి వేరు. బీపీ, షుగర్ మందులకు కొడుకును అడగక్కర్లేదు, మనవడి చేతిలో పది రూపాయలు పెట్టగలడు. ఇంట్లో ఆయన మాటకు విలువ పెరుగుతుంది. నా దృష్టిలో ఇదే పెద్ద మార్పు.

వేళ్లు అరిగి వేలిముద్ర పడక పింఛను కోసం తిరిగిన వాళ్లూ ఉన్నారు. కౌలు రైతుకైతే రైతుబంధే అందలేదు. అది పట్టాదారు ఖాతాలోకే వెళ్లింది.