పీఎస్5లో చాట్ ఆపినా పిల్లాడు మాట్లాడుతూనే ఉంటే

పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5 గేమ్ మెషీన్)లో మీ బాబు అకౌంట్లో కమ్యూనికేషన్ రిస్ట్రిక్ట్ (చాట్, మాటలు ఆపే సెట్టింగ్) పెట్టినా రాత్రి హెడ్‌సెట్ తగిలించుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడా, అయితే చాలావరకు వాడు ఆడేది తన అకౌంట్లో కాదు, మీ దాంట్లోనో కొత్తగా చేసుకున్న ఇంకోదాంట్లోనో అయ్యుంటుంది. మీరు పెట్టిన లాక్ ఆ ఒక్క అకౌంట్‌కే, మెషీన్ మొత్తానికి కాదు.

1. సెట్టింగ్స్, యూజర్స్ అండ్ అకౌంట్స్, లాగిన్ సెట్టింగ్స్‌లో మీ ప్రొఫైల్‌కి పాస్‌కోడ్ పెట్టండి. వాడు పక్కనుండగా ఆ పాస్‌కోడ్ టైప్ చేయకండి.

2. అందరూ వదిలేసేది ఇదే. ఫ్యామిలీ అండ్ పేరెంటల్ కంట్రోల్స్‌లో పీఎస్5 కన్సోల్ రిస్ట్రిక్షన్స్ ఓపెన్ చేస్తే పాస్‌కోడ్ అడుగుతుంది (పైన పెట్టింది కాదు, ఇది వేరే), మీరెప్పుడూ మార్చకపోతే అది 0000, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ముందు అది మార్చి, తర్వాత యూజర్ క్రియేషన్ అండ్ గెస్ట్ లాగిన్ దగ్గర నాట్ అలౌడ్ పెట్టండి. మా వాడు కొత్త యూజర్ చేసుకుని మరీ ఆడాడు, రెండు వారాల దాకా నాకు తెలీనే లేదు, తెలిశాక చాలా భయమేసింది.

3. వాడు ఆడే గేమ్ ఫోర్ట్‌నైట్ అయితే, దాన్ని తయారుచేసిన ఎపిక్ కంపెనీ అకౌంట్లో పేరెంటల్ కంట్రోల్స్ విడిగా ఉంటాయి, 6 అంకెల పిన్ పెట్టి వాయిస్ చాట్‌ని ఫ్రెండ్స్ వరకే ఉంచండి. స్కూల్ ఫ్రెండ్స్‌తో మాట్లాడుకోనివ్వండి పాపం, ఆ ఫ్రెండ్స్ లిస్ట్ మాత్రం వాడితో కూర్చుని ఒక్కో పేరూ చూడండి.