ముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదువు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, మాది మల్కాజిగిరి. బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. గేమింగ్ కంప్యూటర్‌కి నాన్న 70 వేలు ఇస్తానన్నారు. 1080పీ మానిటర్ ఇంట్లోనే ఉంది. ఆడేది వాలొరెంట్, జీటీఏ 5. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) ఒక షాపువాళ్లు ఇంటెల్ ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు అని కొటేషన్ రాసిచ్చారు. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) దగ్గర '600 వాట్స్' అని మాత్రమే ఉంది, కంపెనీ పేరు లేదు. రెండు మూడేళ్లకి కార్డు, ప్రాసెసర్ మార్చుకోవాలని ఉంది. ఇది తీసుకోవచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. కార్డుకి వంక పెట్టను, నీ ఆటలకు 4060 ఎక్కువే. కానీ నువ్వు రేపు మార్చేది ఆ కార్డునే. నీ దగ్గర ఉండిపోయేవి బోర్డు, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్. ఆ కొటేషన్‌లో బోర్డు, ఎస్‌ఎంపీఎస్ రెండింటి దగ్గరా చెయ్యి బిగించారు.

మళ్లీ వెళ్లినప్పుడు ఎస్‌ఎంపీఎస్ బయటికి తీయించి పక్కనున్న స్టిక్కర్ చదువు. అందులో +12 వోల్టుల గడి ఉంటుంది. ప్రాసెసర్, కార్డు దాదాపు మొత్తం పవర్ అక్కణ్నుంచే లాగుతాయి. అక్కడ 54 ఆంప్స్ ఉంటే 12తో గుణించు, 648 వస్తుంది. అది 650 వాట్లకి తగ్గ లెక్క. పైన 600 అని పెద్దక్షరాలు వేసి ఈ గడిలో 30 ఆంప్సే ఉంటే నీకు దక్కేది 360 వాట్లు. 4060కి 115 వాట్లే కాబట్టి ఇప్పటికి నెట్టుకొస్తుంది. రేపు ఆర్‌టీఎక్స్ 5070 లాంటి కార్డు పెడితే దానికొక్కదానికే 250 వాట్లు, దాని కంపెనీ ఎన్విడియానే 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలంటోంది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డునీ కార్డునీ కూడా తీసుకుపోవచ్చు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తింపు) ఉన్న 650 వాట్లది అడుగు. ఇక్కడ బేరం ఆడొద్దు.

ఇక బోర్డు. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుని సాకెట్ అంటారు. 12400ఎఫ్ కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ ఇంటెల్ 14వ తరం ప్రాసెసర్లతో ఆగిపోయింది. ఇంటెల్ 2024లోనే వేరే సాకెట్‌కి వెళ్లింది. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ. దాని ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 దాకా కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది. ఏఎండీ రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆ సాకెట్ ఉన్న బీ650 బోర్డు తీసుకో. బోర్డుకి నాలుగు ర్యామ్ స్లాట్లు, వెనక బయాస్ ఫ్లాష్ బటన్ ఉన్నాయో లేదో చూడు. బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్ బయాస్‌ని ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ చేసే బటన్ అది. కొత్త ప్రాసెసర్ కొన్న రోజు ఆ బటన్ విలువ తెలుస్తుంది. 7600లో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంది, కాబట్టి పాత కార్డు అమ్మేసి కొత్తది వచ్చేదాకా కాలేజీ పని ఆగదు. 12400ఎఫ్‌లో అది లేదు.

వీటికి డబ్బు చాలకపోతే కార్డు దగ్గర ఒక మెట్టు దిగు. ఏఎండీ కార్డు ఆర్‌ఎక్స్ 6600 దొరికితే 1080పీలో నీ రెండు ఆటలూ హాయిగా నడుస్తాయి. ర్యామ్ 16 జీబీ చాలు, ధర చూసుకుని తర్వాత పెంచుకో.

క్యాబినెట్‌కి ముందు అద్దం కాదు, జాలీ ఉండాలి. మన మే నెల ఎండలకి అద్దం వెనక ఫ్యాన్లకి గాలి ఆడదు. పెద్ద కార్డు పట్టే పొడవుందో లేదో కూడా అడుగు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకో. భాగాలు వచ్చిన డబ్బాలన్నీ ఇంటికి తెచ్చుకో, కార్డు అమ్మేటప్పుడు డబ్బా, బిల్లు రెండూ ఉంటే మంచి ధర పలుకుతుంది.