సంపన్న కుటుంబాల్లో తోబుట్టువులు మానసికంగా ఎందుకు దూరమవుతారు?

డబ్బు ఉన్నంత మాత్రాన ఆప్యాయత తరిగిపోదు. అయితే ఇంట్లో అప్పటికే ఉన్న కలతను ఎవరూ ముట్టుకోకుండా ఏళ్ల తరబడి దాటవేసే వెసులుబాటును డబ్బు కల్పిస్తుంది. ఇరుకింట్లో పోట్లాడుకున్న పిల్లలు సాయంత్రానికల్లా మళ్లీ మాట్లాడుకోక తప్పదు. వేర్వేరు గదుల్లో, వేర్వేరు ఆయాల దగ్గర, వేర్వేరు వసతి పాఠశాలల్లో పెరిగినవారికి ఆ అవసరమే రాదు కనుక, అలిగి మళ్లీ కలిసిపోవడం వారికి అలవడదు.

దీనికంటే లోతైన కారణం తల్లిదండ్రుల ప్రవర్తనలో ఉంటుంది. ఇద్దరి మధ్య ఉద్రిక్తత భరించలేనంత పెరిగినప్పుడు మూడో వ్యక్తిని, తరచుగా ఒక బిడ్డను, అందులోకి లాగడాన్ని అమెరికన్ మనోవైద్యుడు ముర్రే బోవెన్ (1913–1990) ‘త్రికోణం’గా వివరించారు. అలా ఒకరు తండ్రి పక్షం, ఇంకొకరు తల్లి పక్షం అయ్యాక, అన్నదమ్ములైనా అక్కాచెల్లెళ్లైనా పెద్దల తగాదాకు ప్రతినిధులుగానే ఒకరినొకరు చూసుకుంటారు. వారసత్వం కూడా తోడైతే, వీలునామాలోని వాటాయే ప్రేమకు కొలత అవుతుంది. ఆస్తి వివాదాలు కోర్టుల్లో అంత మొండిగా సాగడానికి, నా దృష్టిలో, ఇదే మూలం.

ఈ దూరం అన్నిసార్లూ గొడవ రూపంలో కనబడదు. మర్యాదగా శుభాకాంక్షలు పంపుకుంటూనే ఒక్క సొంత విషయమూ చెప్పుకోనివారు ఉంటారు. దగ్గర కావాలనుకుంటే, ఆస్తి చర్చలను న్యాయవాదులకు వదిలి, తల్లిదండ్రుల ప్రమేయం లేకుండా ఇద్దరే మాట్లాడుకోవడం మేలు. తొలి సంభాషణలోనే పాత లెక్కలన్నీ తేల్చుకోవాలని చూస్తే మాత్రం అది సాధారణంగా అక్కడితోనే ఆగిపోతుంది.