గోడ కోసే మెషిన్ కొంటున్న మేనకోడలికి

అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. విశాఖ మధురవాడలో నాలుగు ఫ్లాట్ల వైరింగ్ నువ్వే ఒప్పుకున్నావనీ, గోడల్లో గాడి తీయడానికి సొంతంగా మెషిన్ కొంటున్నావనీ అక్క నిన్న ఫోన్లో చెప్పింది. ఐటీఐ చదివిన పిల్ల ఒకరి కింద కూలికి పోకుండా తనే పని పట్టుకుందంటే కడుపు నిండిపోయింది. ఫోన్ పెట్టేశాక నీ జడ గుర్తొచ్చింది. నడుం దాటే ఆ జడ, భుజం మీద ఒక్క క్షణం నిలవని ఆ చున్నీ. నిమిషానికి 11,000 సార్లు తిరిగే బ్లేడు చున్నీ కొసని అందుకుంటే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. జడ ముడేసి టోపీలోకి దోపు. చున్నీ ఇంట్లో వదిలెయ్. వదులు చేతుల చొక్కా, నూలు చేతి తొడుగులు కూడా వద్దు. దీనికి ఒప్పుకున్నాకే మిగతాది చదువు.

కొట్లో ముందు వాట్లు చెప్తారు. నువ్వు లోతు అడుగు. 25 మి.మీ. పైపు గోడలో పూర్తిగా మునిగి, పైన కనీసం 10 మి.మీ. సిమెంటు పడాలి. అంటే పూతతో కలిపి 35 మి.మీ. గాడి. బ్లేడు కొలతలో సగం కూడా గోడలోకి దిగదు, మధ్యలో వాషరూ గేరు తలా అడ్డొస్తాయి. 4 అంగుళాల గ్రైండరు, అదే చేత్తో పట్టుకుని కోసే డిస్కు మెషిన్, 25 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. మార్బుల్ కట్టరు 110 మి.మీ. బ్లేడుతో 30 పైచిలుకు దిగుతుంది. దానికి కింద పళ్ళెం ఉంటుంది కనుక లోతు బిగించుకోవచ్చు, గీతా తిన్నగా వస్తుంది. 5 అంగుళాల గ్రైండరు 35కి అటూఇటూ. 9 అంగుళాలది 65 దాకా పోతుంది గానీ, గోడ మీద నిలువునా పట్టుకుని రోజంతా పనిచేయడానికి అది బరువు. నీ పనికి 5 అంగుళాలది, 1,200 వాట్లకి తగ్గకుండా తీసుకో. రెండు బ్లేడ్ల వాల్ చేజర్ అన్నిటికన్నా మంచిదే. దాని ఖరీదు మాత్రం మొదటి కాంట్రాక్టులో మోయకు, అద్దెకి దొరికితే తెచ్చుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఈ లోతు దగ్గరే మన పనివాళ్ళు ఏళ్ళ తరబడి ఒకే తప్పు చేస్తున్నారు. చేతిలో 4 అంగుళాల గ్రైండరు ఉంటుంది, గాడి ఇంకో అర అంగుళం కావాలి. బ్లేడుకి అడ్డంగా ఉండే ఇనప కప్పు, అదే గార్డు, విప్పి పక్కన పడేసి పెద్ద బ్లేడు ఎక్కిస్తారు. 5 అంగుళాల బ్లేడయితే వేగం వరకు తట్టుకోవచ్చు, దాని మీద సాధారణంగా 12,200 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అని రాసి ఉంటుంది. కానీ గార్డు తీయనిదే అది తిరగదు. కన్నం కూడా కుదరదు: చిన్న మెషిన్‌కి 16 మి.మీ., మార్బుల్ కట్టర్ బ్లేడుకి 20, పెద్ద గ్రైండర్ల బ్లేడుకి 22.23. ఆ ఖాళీని రేకు ముక్కతోనో టేపుతోనో నింపుతారు, బ్లేడు వంకరగా తిరగడం మొదలెడుతుంది. 7 అంగుళాల బ్లేడు ఎక్కించేవాళ్ళూ ఉన్నారు. దాని హద్దు 8,500 ఆర్‌పీఎం. 11,000 మీద తిప్పితే అంచు వేగం సెకనుకి 100 మీటర్లు దాటుతుంది, తట్టుకోగలిగేది 80. విరిగితే ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. విరగకపోయినా, బ్లేడు గాడిలో బిగుసుకున్న క్షణంలో మెషిన్ మనిషి మీదికి ఎగిరొస్తుంది. ముఖం, మెడ, తొడ. మధ్యలో ఉండాల్సిన గార్డు ఆ వేళకి ఏ మూలో పడి ఉంటుంది. సెంట్రింగ్ చెక్క కోయడానికి పళ్ళ బ్లేడు ఎక్కించడమూ ఇదే కోవలోది.

లోతు చాలకపోతే మెషిన్ మార్చు, లేదా మిగిలిన అర అంగుళం ఉలితో తియ్యి. గార్డు విప్పిన మెషిన్ నీ చేతిలో ఉందని తెలిస్తే రైలెక్కి వచ్చి మరీ తిడతాను. తిట్టాక నేనే కూర్చుని బిగించి ఇస్తాను, అది వేరే మాట.

బ్లేడు డైమండ్‌దే కొను, అంచు మీద గాట్లున్నది. గాట్లు లేని నున్నటి అంచు టైల్స్‌కి, నీళ్ళతో కోయడానికి. బాణం గుర్తు మెషిన్ తిరిగే వైపే ఉండాలి. కాంక్రీటు కోసి కోసి బ్లేడు మొద్దుబారినట్టనిపిస్తే పారేయకు. మెత్తటి ఇటుకలో నాలుగు కోతలు వెయ్యి, కొత్త రవ్వ బయటికొస్తుంది. జిగురుతో చేసిన మామూలు రాతి డిస్కుల మధ్య ఇనుప చుట్టు మీద గడువు తేదీ ఉంటుంది. మన సముద్రపు తేమకి అవి ఇంకా త్వరగా పాడవుతాయి, పాత సరుకు అంటగడితే తీసుకోకు.

స్విచ్ సంగతి మరిచిపోయేవాణ్ణి... కాదు, మరిచిపోలేదు, దీనికి కాస్త చోటు కావాలని ఆగాను. జరిపితే ఆన్‌లోనే ఉండిపోయే స్విచ్ వద్దు. వేలు తీయగానే ఆగేది తీసుకో. సైటులో కరెంటు పోతుంది, మెషిన్ కింద పెడతావు, స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది. కరెంటు రాగానే అది నేల మీద తనంతట తను పరిగెడుతుంది. పొడుగు వైరు 2.5 చదరపు మి.మీ. రాగిది పెట్టు, చుట్ట పూర్తిగా విప్పు, లేకపోతే వేడెక్కి కరుగుతుంది. కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని లైనులో నీళ్ళ కోత జోలికి పోకు.

కోసేటప్పుడు రెండు గీతలు గీసి, ఒక్కో గీతనీ పదేసి మి.మీ. చొప్పున మూడు నాలుగు సార్లలో దించు. పక్కకి తిప్పకు. మధ్యమధ్య బ్లేడుని గాల్లో తిరగనిచ్చి చల్లార్చు. నాలుగున్నర అంగుళాల గోడలో రెండు వైపులా ఒకేచోట గాడి తీయకు, స్విచ్ బోర్డులు కూడా వీపుకి వీపు పెట్టకు. 9 అంగుళాల గోడలో నిలువు గాడి మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. కాలమ్, బీమ్ అసలు ముట్టుకోకు.

ఆ ఫ్లాట్లవి ఏఏసీ బ్లాకులేమో (గాలి బుడగలతో చేసే తేలిక సిమెంటు బ్లాకులు) ముందు గోరుతో గీకి చూడు. అవైతే చేతి రంపం, చేతి గాడి పనిముట్టు చాలు, దుమ్మూ తక్కువ. రేపు వన్‌టౌన్‌లో పాత ఇల్లు ఒప్పుకుంటే రాయీ సున్నమూ కలిసిన గోడ తగలొచ్చు. మన కొండల రాయి ఖోండలైట్‌లో క్వార్ట్జ్, గార్నెట్ గింజలుంటాయి, బ్లేడుని తినేస్తాయి. రాయి కదిలితే బ్లేడు బిగుస్తుంది. అక్కడ ఉలీ సుత్తే, లేదా గోడ పైనే వైర్లు పోయే కేసింగ్ పట్టీ.

చివరిది దుమ్ము. ఇటుకలో, సిమెంటులో, ఇసుకలో ఉన్న సిలికా కంటికి కనపడనంత సన్నగా ఊపిరితిత్తుల్లో చేరుతుంది, చేరింది బయటికి రాదు. సిలికోసిస్‌కి నయం చేసే మందు లేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే చాలనుకోకు. ఎన్95 మాస్కు, రెండు పట్టీలూ తల వెనక్కి, ముక్కు దగ్గర రేకు నొక్కి. మెషిన్‌కి దుమ్ము తొడుగు బిగించి వాక్యూమ్ పెట్టు. సముద్రపు గాలి ఎటు నుంచి వస్తోందో చూసి దానికి వీపు పెట్టి నిలబడు. నీ దగ్గర పనిచేసే కుర్రాడికీ మాస్కు నువ్వే కొనిపెట్టు.

కళ్ళద్దాలూ, ఒక డబ్బా మాస్కులూ పార్సిల్ చేశాను, గురువారానికి అందుతాయి. మెషిన్ కొనేముందు గోడ మందం, పూత మందం కొలిచి నాకు ఫోన్ చెయ్యి. కొట్లో గార్డు పెట్టెలోనే ఉందో లేదో బిల్లు కట్టకముందే చూసుకో.

ఇట్లు,
మావయ్య