అల్లుడూ, ముందు టేపు తీసుకో

అల్లుడూ,

నువ్వు కొన్న పాత డ్రమ్ కిట్ ఫొటోలు ఆరూ చూశాను. ఆరూ ముందు నుంచే తీశావు. ఎర్రగా తళతళలాడుతోంది, కాదనను, కానీ పెళ్లికూతురి ఫొటో చూపించి ఆవిడ పుట్టిన ఏడు చెప్పమన్నట్టుంది. బ్యాడ్జి మీద ప్రీమియర్ అని ఇక్కడి డ్రమ్ కంపెనీ పేరు ఉంది, అమ్మినాయన 1962లో చేసింది అన్నాడు, అందుకే నువ్వు అంత డబ్బు ఇచ్చి కారులో వేసుకుని వచ్చేశావు. సరే, ఇప్పుడు తిట్టి లాభం లేదు గానీ నేను చెప్పిన వరసలో చూడు.

మొదట బ్యాడ్జి సంగతి మర్చిపో. బ్యాడ్జిని పట్టి ఉంచేది చిన్న గుబ్బో మేకో, ఎవడైనా పదినిమిషాల్లో పీకి ఇంకో డ్రమ్‌కి పెట్టగలడు. నేను ఇంగ్లండ్‌లో ఈ లెస్టర్ ఊరికి వచ్చిన కొత్తలో ఒక పాత సామాన్ల కొట్టులో మంచి బ్యాడ్జి చూసి ఒక ఫ్లోర్ టామ్, అంటే నేల మీద కాళ్లతో నిలబడే డ్రమ్, కొన్నాను. ఇంటికొచ్చి బ్యాడ్జి విప్పితే దాని కింద ఇంకో బ్యాడ్జి తాలూకు పాత రంధ్రం, దాని చుట్టూ వెలవని రంగు గుండ్రంగా, వేరే సైజులో. ఆ రోజు మీ అత్తయ్య అన్న మాటలు ఇక్కడ రాయను.

టేపు తీసుకో. చిన్న టామ్ డ్రమ్‌కి హెడ్, అంటే కర్రతో కొట్టే పై పొర, విప్పి షెల్, అంటే గుండ్రటి చెక్క ఒళ్లు, దాని బయటి వ్యాసం కొలువు. కింద తీగలుండే స్నేర్ డ్రమ్‌తో మొదలుపెట్టకు, టామ్‌తోనే చూడు. 1960ల చివరి దాకా ప్రీమియర్ వాళ్ల షెల్ అమెరికన్ కొలత కన్నా కాస్త పెద్దది. పేరుకి పన్నెండు అంగుళాలే, కానీ టేపు పన్నెండు దాటి కాస్త ముందుకు పోతుంది, మామూలు హెడ్ ఎంత నొక్కినా దిగదు. ఇది తెలియక నేను రెండు కొత్త హెడ్‌లు కొని మోకాలితో నొక్కి ఒకటి పాడు చేశాను. ఇక్కడ వీటిని ప్రీ-ఇంటర్నేషనల్ సైజులంటారు. అమెరికా వాయిద్యాల దిగుమతి మీద ఈ దేశంలో 1959 దాకా ఆంక్షలుండేవి, కాబట్టి ఇక్కడివాళ్లకు వాళ్ల కొలతతో పనేమీ లేకపోయింది. ఆ తర్వాత 1963లో బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ తన ప్రీమియర్ కిట్ వదిలి లండన్ షాఫ్ట్స్‌బరీ అవెన్యూలో ఐవర్ ఆర్బిటర్ కొట్టు నుంచి అమెరికన్ లడ్విగ్ కిట్ తీసుకున్నాడు, ఇక కుర్రాళ్లందరికీ అదే పిచ్చి. చివరికి కొలతలు కూడా అటే పోయాయి. నీ టామ్‌కి మామూలు హెడ్ హాయిగా కూర్చుందంటే 1962 అన్న మాట అక్కడితో సరి.

తర్వాత టార్చ్ వేసి లోపల చూడు. పాత ప్రీమియర్ షెల్ పలుచటి ప్లై చెక్క, పై అంచునా కింది అంచునా లోపల చెక్క కట్టు ఉంటుంది. కొన్నింటిలో రబ్బరు ముద్రతో తేదీ కూడా కొట్టి ఉంటుంది, ఉంటే నీ అదృష్టం. అది షెల్ తేదీ అని గుర్తుంచుకో, అమ్మిన తేదీ కాదు. లోపల తెల్లగా, గట్టి పెయింటు పూసినట్టు నున్నగా ఉంటే మాత్రం అది హేమన్ అనే వేరే పేరుతో అమ్మిన డ్రమ్ షెల్, 1968 తర్వాత ఆర్బిటర్ వాళ్లు తెచ్చిన రకం, నీ బ్యాడ్జి దానిది కాదు. ఒలింపిక్ అని ఎక్కడైనా కనిపిస్తే ఏడవకు, అది ప్రీమియర్ వాళ్లే చౌకగా అమ్మిన పేరు. బెవర్లీ అంటే 1958లో వాళ్లు కొనేసిన కంపెనీ. మూడు డ్రమ్ములు మూడు పేర్లతో వచ్చినా ఒకే కొంపకు చెందినవి కావచ్చు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, కొట్టు స్టిక్కరు. చాలామంది దాన్ని గీకి పారేస్తారు, పాపిష్టి పని. అమ్మిన కొట్టువాళ్లు తమ పేరూ ఫోన్ నంబరూ ఉన్న చిన్న కాగితం షెల్ లోపలో కేసు మూతకో అంటించేవాళ్లు. లండన్ కొట్టయి, నంబరు ముందు అంకెలకు బదులు టెలిఫోన్ ఎక్స్చేంజి పేరులో మొదటి మూడు అక్షరాలుంటే అది 1960ల చివరి కన్నా ముందుది, ఎందుకంటే 1966 నుంచి అక్కడ అన్నీ అంకెలుగా మార్చడం మొదలుపెట్టారు. రసీదు దొరికితే ఇంకా మేలు. పౌండ్లు, షిల్లింగులు, పెన్నీలు ఉంటే 1971 ఫిబ్రవరి 15కి ముందు కొన్నది. కింద వ్యాట్ అని ఉంటే 1973 ఏప్రిల్ తర్వాతిది, అంతకుముందు పర్చేజ్ టాక్స్ ఉండేది. కేసు లోపలి గుడ్డ కిందా చూడు, జనం అక్కడ కాగితాలు దోపుతారు. నాకొకసారి అలా చర్చి కీర్తనల కాగితం దొరికింది, తేదీ లేదు, అయినా దాచుకున్నాను.

రంగు సంగతి ఒక్కమాట. ఒక లగ్గు, అంటే హెడ్ బిగించే స్క్రూలు పట్టే లోహపు ముక్క, విప్పి కింద రంగు చూడు. ఎండ తగలని చోట ముదురుగా, బయట కాస్త వెలిసి ఉంటే షెల్ మీద అంటించిన రంగు తొడుగు పాతదే. లగ్గు కిందా బయటా ఒకేలా మెరిస్తే ఎవరో కొత్త తొడుగు వేయించారు. అలాగని డ్రమ్ పనికిరాదని కాదు, ధర తగ్గుతుందంతే. అదనంగా కొట్టిన రంధ్రాలున్నాయేమో కూడా చూడు, ఒక్కో రంధ్రం వెనక ఒక్కో వాయిద్యగాడి సణుగుడు ఉంటుంది.

ప్రీమియర్ ఎక్కడో దూరం కంపెనీ అనుకోకు. 1922లో లండన్‌లో ఆల్బర్ట్ డెల్లా పోర్టా, జార్జ్ స్మిత్ మొదలుపెట్టారు, 1940లో ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాక లెస్టర్ పక్కన విగ్‌స్టన్‌కి వచ్చేసింది, మా ఇంటికి బస్సు దూరం. అందుకే ఇటువైపు పాత ముక్కలు బాగా దొరుకుతాయి. అదే కారణంగా ఒక కిట్‌లో మూడు వేర్వేరు ఏళ్ల డ్రమ్ములు కలిపి అమ్మేవాళ్లూ ఎక్కువే. నీ ఫ్లోర్ టామ్ ఎరుపు మిగతా రెండిటికన్నా కాస్త నారింజ వైపు ఉంది, నాకు అక్కడే అనుమానం. ప్రతి డ్రమ్ తేదీ విడిగా తేల్చు. ఎవడైనా అడిగితే బేస్ డ్రమ్ ఫలానా కాలం, ఫ్లోర్ టామ్ ఫలానా కాలం అని చెప్పు, మొత్తానికి ఒకే ఏడు అంటించకు.

వైరు బ్రష్షూ, పౌడరూ పెట్టి రుద్దకు. స్క్రూలు విప్పితే ఏది ఏ డ్రమ్‌దో కవర్లో వేసి రాసి పెట్టుకో, థ్రెడ్ తేడా ఉన్నది బలవంతంగా తిప్పితే లగ్గు పోతుంది. టామ్ కొలత, షెల్ లోపలి ఫొటో, లగ్గు కింది రంగు ఫొటో రేపు రాత్రిలోగా పంపు, ఆదివారం నేను ఖాళీనే. ఆ అమ్మినాయనకు అప్పుడే ఫోన్ చేసి గొడవ పడకు.

మావయ్య